డాబా స్లాబ్‌కి స్కైలైట్ పెట్టి రీఫ్ ట్యాంక్‌కి ఎండ ఇస్తే లెక్క ఎక్కడ తప్పుతుంది?

కొత్త_రీఫ్_హైద్రాబాద్

పై అంతస్తు, నెత్తిమీద ఖాళీ డాబా. రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీళ్ళ తొట్టి) 4×2×2 అడుగులు, పొడుగు తూర్పు-పడమరలకి. సంప్‌తో (ట్యాంక్ కింది ఫిల్టర్ తొట్టి) కలిపి నికరంగా 400 లీటర్ల నీళ్ళు. స్లాబ్‌కీ నీటిమట్టానికీ మధ్య 6 అడుగులు. సరిగ్గా ట్యాంక్ నెత్తిమీద 2×2 అడుగుల కంత కొట్టించి, 6 మి.మీ. మామూలు గాజు బిగించి, ఎల్‌ఈడీ మొత్తానికే తీసేద్దామని ప్లాన్. సాఫ్ట్ పగడాలు, ఎల్‌పీఎస్ (పెద్ద నోళ్ళ రాతి పగడాలు), తర్వాత ఒకటి రెండు మాంటిపోరా. మన దగ్గర ఎండకి కొదవ లేదు కదా, సరిపోతదా? మేస్త్రిని పిలిచే ముందు అడుగుతున్న.

నీడలెక్క

మేస్త్రిని ఇంకో వారం ఆపండి. ఎండ సరిపోతుందా అన్నది తర్వాత సంగతి. ముందు ఆ ఎండ ఎక్కడ పడుతుందో చూడాలి.

హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండుసార్లే: మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో, మనం నీడ లేని రోజు అంటామే, అప్పుడు. జూన్ 21 మధ్యాహ్నం నడినెత్తికి 6 డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు. డిసెంబర్ 21న ఏకంగా 41 డిగ్రీలు దక్షిణానికి వాలి ఉంటాడు.

6 అడుగులంటే 1.83 మీటర్లు. డిసెంబర్ మధ్యాహ్నం ఎండ మచ్చ కంతకి సూటిగా కింద కాకుండా 1.58 మీటర్లు ఉత్తరంగా పడుతుంది. అంటే ట్యాంక్ దాటి సోఫా మీద! జూన్‌లో దక్షిణానికి జరిగేది 19 సెం.మీ. మాత్రమే. తేలేదేంటంటే, ట్యాంక్ నెత్తిమీద కంత పెడితే ఎండ అక్కర్లేని మే నెలలో నిండుగా దిగుతుంది, కావాల్సిన డిసెంబర్‌లో చుక్క దిగదు.

రెండో లెక్క. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు జరుగుతాడు. నడినెత్తి దగ్గర ఉన్నప్పుడు మచ్చ గంటకి సుమారు 49 సెం.మీ. జరుగుతుంది. 2 అడుగుల మచ్చ 4 అడుగుల ట్యాంక్‌ని ఒక చివర తాకి రెండో చివర వదిలేసేసరికి మూడు గంటల నలభై నిమిషాలు. ట్యాంక్‌లో ఏ ఒక్క పగడాన్ని తీసుకున్నా దాని మీద నేరుగా ఎండ ఉండేది గంటా పావు. అంతే.

ఉప్పునీళ్ళు

నీడలెక్క గారు చెప్పిన గంటా పావుని పార్‌లోకి మార్చి చూద్దాం. పార్ అంటే పగడాలు వాడుకునే వెలుతురు కొలత, చదరపు మీటరుకి సెకనుకి ఇన్ని మైక్రోమోల్ అని.

మధ్యాహ్నపు నిండు ఎండ బయట సుమారు 2000 పార్. లక్స్ మీటరుతో కొలిస్తే లక్షకి కాస్త పైన చూపిస్తుంది. ఎండకి మాత్రం లక్స్‌ని 54తో భాగిస్తే పార్ దాదాపు సరిగ్గా వస్తుంది. నీలం ఎల్‌ఈడీకి ఈ 54 పనికిరాదు, అక్కడ లక్స్ మీటర్ బాగా తక్కువ చూపిస్తుంది. ఫోన్ యాప్‌ని దేనికీ నమ్మొద్దు.

మంచి గాజు వేసినా 60 శాతం వెలుతురు దిగిందనుకోండి, మచ్చలో 1200 పార్. గంటా పావుకి రోజు మొత్తం 5.4 మోల్ (పది లక్షల మైక్రోమోల్ ఒక మోల్). అదే ఎల్‌ఈడీ కింద 250 పార్ చొప్పున 10 గంటలు ఇస్తే 9 మోల్. రోజు మొత్తం చూస్తే తక్కువ, ఆ కాసేపట్లో చూస్తే విపరీతం. 100 పార్ చాలనుకునే యూఫిలియా (ఒక ఎల్‌పీఎస్ పగడం) మీద ఉన్నట్టుండి 1200 పడితే గంటలోనే ముడుచుకుంటుంది. రోజూ అదే జరిగితే తెల్లబడుతుంది. కాబట్టి ఎండని మచ్చలా కాదు, పరిచినట్టు ఇవ్వాలి.

ఇక మబ్బు. వానాకాలం మబ్బు రోజున బయట 400 పార్ ఉందనుకుందాం. ఆ వెలుతురు ఆకాశం మొత్తం నుంచి వస్తోంది, మీ ట్యాంక్‌కి కనబడేది 2×2 ముక్క ఆకాశం. 6 అడుగుల కింద అది 3.4 శాతం. గాజు నష్టం తీసేస్తే నీటిమట్టం దగ్గర మిగిలేది 11 పార్. కింది ఇసుక దాకా చెప్పక్కర్లేదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఇలాంటి రోజులు వరసగా వస్తాయి. ఎల్‌ఈడీ తీసేసే మాట మర్చిపోండి.

కొత్త_రీఫ్_హైద్రాబాద్

11 ఏంది అన్నా! గదిలో కూసుంటే మబ్బు రోజు గూడ మస్తు వెలుతురు కనబడ్తది కదా?

ఉప్పునీళ్ళు

కంటికి అలాగే ఉంటుంది తమ్ముడూ. 11 పార్ అంటే 600 లక్స్, ఆఫీసులో బల్ల మీద ఉండే వెలుతురు. మన కంటికి అది పుష్కలం, పగడానికి పస్తు.

మబ్బు వెలుతురు కూడా పనికి రావాలంటే కంత పెద్దదవ్వాలి, దగ్గరకి రావాలి. 4×4 అడుగుల కంత 5 అడుగుల దూరంలో ఉంటే అదే మబ్బు కింద 50 పార్ పైచిలుకు వస్తుంది, సాఫ్ట్ పగడాలు తట్టుకుంటాయి. కానీ అదే కంత మే నెలలో ఏం చేస్తుందో వేడి సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు.

డాలస్_చేపలతొట్టి

ఇక్కడి రీఫ్ గ్రూపుల్లో అందరూ ఒకటే చెప్తారు: స్కైలైట్‌ని ఉత్తరం వైపు వాలుగా పెట్టు, నేరుగా ఎండ రాదు, మెత్తటి వెలుతురే వస్తుంది. డాలస్ 32.8 డిగ్రీల మీద ఉంది కాబట్టి జూన్‌లో కూడా మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపే ఉంటాడు. హైదరాబాద్‌లో ఈ సలహా పాటించాలా?

నీడలెక్క

పాటిస్తే దెబ్బతింటారు. మే 9 నుంచి ఆగస్టు 3 దాకా మనకి మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. ఇంకా చెప్పాలంటే మార్చి 21 నుంచి సెప్టెంబర్ 23 దాకా పొద్దు పొడిచేదీ కుంకేదీ కూడా ఉత్తరానికి జరిగే. ఉత్తరం వాలు గాజు మనకి సరిగ్గా ఎండాకాలంలోనే ఎండని లోపలికి లాగుతుంది. పడమటి దేశాల పుస్తకాల్లో దిక్కుల మాట ఏది కనిపించినా ముందు ఆ ఊరి అక్షాంశం చూడాలి.

మనకి పనికొచ్చే పద్ధతి వేరు. కంత బల్లపరుపుగానే ఉంచి, డాబా మీద చుట్టూ గట్టు లేపండి. గాజు నుంచి స్లాబ్ అడుగు దాకా 60 సెం.మీ. లోతు బావిలా వస్తుంది. ఆ బావికి ఉత్తరపు గోడని నిలువుగా కాకుండా అడుగు ఉత్తరానికి తెరుచుకునేట్టు 20 డిగ్రీలు వాల్చాలి. దాని మీద అద్దంలా మెరిసే ఆనోడైజ్డ్ అల్యూమినియం రేకు అతికించాలి. డిసెంబర్‌లో దక్షిణం నుంచి 41 డిగ్రీల వాలుతో వచ్చే కిరణం ఆ రేకుకి తగిలి సూటిగా కిందికి దిగుతుంది (కిరణాన్ని ఎంత తిప్పాలో రేకుని అందులో సగం వాల్చాలి, 20 డిగ్రీలు అక్కణ్ణుంచి వచ్చిందే). కంతలోకి వచ్చిన కిరణాల్లో సగం దాకా రేకుకి తగులుతాయి. గోడ నిలువుగా ఉంచి రేకు అతికిస్తే లాభం లేదు, అదే కోణంతో దక్షిణానికి తిప్పికొడుతుంది, మళ్ళీ ట్యాంక్ దాటిపోతుంది. రేకు వాలిస్తే అడుగున కంత 22 సెం.మీ. వెడల్పవుతుంది, అది ముందే స్లాబ్ లెక్కలో కలుపుకోండి.

మిగతా మూడు గోడలకి మ్యాట్ తెలుపు. మెరుపు తెలుపు వద్దు, మచ్చలు మచ్చలుగా పడుతుంది.

స్లాబ్_సివిల్

కంత మాట వచ్చింది కాబట్టి. మన ఇళ్ళ స్లాబ్ 5 నుంచి 6 అంగుళాలు. బీమ్ ముట్టుకోకూడదు, బీమ్‌కి ఆనుకుని కూడా కొట్టకూడదు. 2×2 అంటే మధ్యలో నాలుగైదు కడ్డీలు తెగుతాయి. తెగిన కడ్డీలకి బదులు కంత నాలుగు పక్కలా కడ్డీలు వేసి, మూలల్లో ఏటవాలుగా కూడా వెయ్యాలి. అది అయిపోయిన స్లాబ్‌లో కష్టం, కాబట్టి కింద నుంచి స్టీల్ ఫ్రేమ్ బిగించే పని పడుతుంది. స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి సంతకం పెట్టనిదే సుత్తి ఎత్తొద్దు. కట్టబోయే ఇల్లయితే స్లాబ్ పోసే ముందే పెట్టె వదలండి, పని పదో వంతు.

గట్టు డాబా మీద కనీసం అడుగు ఎత్తు. వాటర్‌ప్రూఫింగ్ పూత గట్టు లోపలి అంచు దాకా ఎక్కాలి. చాలా చోట్ల గట్టు అడుగునే ఆపేస్తారు, రెండో వానకి గోడ చెమ్మ. గాజుకి ఒకవైపు 5 డిగ్రీల వాలు ఇవ్వండి, నీళ్ళు నిలిస్తే ఆ మరక ఎండిపోయి వెలుతురు తింటుంది.

గాజు 6 మి.మీ. మామూలుది అసలు వద్దు. రెండు 6 మి.మీ. టఫెన్డ్ పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉన్న ల్యామినేటెడ్ తీసుకోండి. పగిలినా ముక్కలు పొరకి అతుక్కుని ఉంటాయి, ట్యాంక్‌లో పడవు. మన డాబాల మీద కోతులు గుంపులుగా దిగుతాయి, గెంతేటప్పుడు అవి గాజు మందం అడగవు. పీవీబీ పొర అతినీలలోహిత కిరణాల్ని కూడా చాలావరకు ఆపుతుంది. పాలీకార్బొనేట్ షీటు అయితే యూవీ పూత ఉన్న వైపు పైకి ఉండాలి. దాని మీద స్టిక్కర్ ఉంటుంది, మేస్త్రి దాన్ని ముందే పీకేసి తిరగేసి బిగిస్తే రెండేళ్ళకే పసుపు తిరుగుతుంది.

కొత్త_రీఫ్_హైద్రాబాద్

గ్రిల్ లేకుండా ఇంట్లో పెద్దోళ్ళు ఒప్పుకోరు. దొంగల భయం. ఇనుప గ్రిల్‌కి జింక్ కోటింగ్ కొట్టిస్తే?

వైజాగ్_రీఫర్

జింక్ అసలు వద్దండి. ట్యాంక్ నుంచి లేచే తేమంతా ఆ బావిలోకే ఎక్కుద్ది. చలికాలం తెల్లవారుజామున గాజు చల్లబడి అడుగున చెమ్మ పట్టి, గ్రిల్ మీంచి చుక్కలుగా కారుద్ది. సూటిగా కింద ట్యాంకే కదా. రాగి, జింకు రెండూ రొయ్యలకీ నత్తలకీ పగడాలకీ విషం, ఇనప తుప్పు నాచుకి మేత. గ్రిల్ కావాలంటే గాజుకి పైన, బయట పెట్టించండి. లోపల ఉండేదంతా పౌడర్ కోటింగ్ అల్యూమినియం, స్క్రూలు 316 స్టెయిన్‌లెస్. మామూలు 304 ఉప్పు గాలికి మచ్చలేసిపోద్ది.

బావి అడుగున 4 మి.మీ. ఓపల్ (పాలరంగు) యాక్రిలిక్ పలక ఒకటి పక్కకి చిన్న వాలుతో పెడితే రెండు పనులు. చుక్కలు ట్యాంక్ బయటికి జారతాయి, ఎండ మచ్చ పరుచుకుంటుంది. పోయేదేంటంటే నీళ్ళలో అలల వెలుగు గీతలు కదలవు. ఎండ ట్యాంక్ పెట్టుకునేదే ఆ మెరుపుల కోసం అన్నవాళ్ళు సగానికి ఓపల్, సగానికి క్లియర్ పలక పెట్టి, క్లియర్ కింద రాయి, ఇసుక మాత్రమే ఉంచండి.

ఉప్పునీళ్ళు

ఇప్పుడు వేడి. చదరపు మీటరుకి నిండు ఎండ 1000 వాట్లు. 2×2 అడుగులంటే 0.37 చదరపు మీటర్లు. మామూలు గాజు అందులో 80 శాతం లోపలికి వదులుతుంది, అంటే 300 వాట్లు. ఆ మచ్చ మొత్తం ట్యాంక్‌లోనే నాలుగు గంటలు పడిందనుకుంటే 400 లీటర్ల నీళ్ళు రెండున్నర డిగ్రీలు ఎక్కుతాయి. గది 36లో ఉండే మే నెలలో మొదలే 28 ఉన్న నీళ్ళకి ఇది ప్రాణం మీదకి వచ్చే మాట. 30 దాటి నాలుగు రోజులు నిలిస్తే పగడం తెల్లబడడం మొదలవుతుంది.

లో-ఈ (వేడిని వెనక్కి తిప్పే) పూత ఉన్న డబుల్ గాజు వేస్తే వెలుతురు 60 శాతం దిగుతుంది, వేడి 30 శాతం లోపే. 300 వాట్లు కాస్తా 110 అవుతుంది. ఖర్చు పెట్టాల్సింది ఇక్కడ. గాజు దుకాణంలో రంగు చూసి కొనకండి, వెలుతురు ఎంత శాతం వదులుతుంది, ఎండ వేడి ఎంత శాతం వదులుతుంది అన్న రెండు అంకెలూ కాగితం మీద అడగండి. గోధుమరంగు, పచ్చరంగు టింట్ గాజు వద్దే వద్దు, అది పగడానికి కావాల్సిన నీలాన్నే తినేస్తుంది.

ఫ్యాన్ సంగతి. ఒక లీటరు నీరు ఆవిరైతే ఈ ట్యాంక్ ఒకటిన్నర డిగ్రీ దిగుతుంది. ఏప్రిల్, మే పొడి గాలికి సంప్ మీద రెండు ఫ్యాన్లు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. జూలైలో గాలి నిండా తేమ, అప్పుడు ఫ్యాన్ ఉత్త చప్పుడు. ఆవిరైన నీటికి బదులు ఆర్‌ఓ-డీఐ (లవణాలన్నీ తీసేసిన) మంచినీళ్ళే పొయ్యాలి, ఉప్పునీళ్ళు కాదు. నడి వేసవికి పావు హెచ్‌పీ చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే యంత్రం) తప్పదు. దాన్ని ట్యాంక్ గదిలో పెడితే తీసిన వేడి మళ్ళీ గదిలోకే వదుల్తుంది, వాష్ ఏరియాలో పెట్టండి.

డాలస్_చేపలతొట్టి

స్లాబ్‌కి పెద్ద కంత వద్దనుకునేవాళ్ళకి డాబా మీది వెలుతురుని కిందికి దించే సోలాట్యూబ్ లాంటి గొట్టాలు ఉన్నాయి. 14 అంగుళాల గొట్టం నోటి వైశాల్యం 0.1 చదరపు మీటర్‌కి కాస్త లోపు. నిండు ఎండలో సెకనుకి 190 మైక్రోమోల్ లోపలికొస్తే, డోమ్, గొట్టం, కింది పలక కలిపి సగం తింటాయనుకోండి. మిగిలింది మొత్తం 4×2 ట్యాంక్ మీదే పడినా సగటున 125 పార్. నిజానికి కొంత గోడల మీద పోతుంది. రెండు గొట్టాలు పెడితే సాఫ్ట్ పగడాలకి చాలు. గొట్టం వంపు తిరిగితే ప్రతి వంపూ వెలుతురు తింటుంది, తిన్నగా దించండి. వేడి తక్కువ, స్లాబ్‌లో కోత కూడా చిన్నది.

ప్రశ్నార్థకం

ఇంత గాజు, ఇంత చిల్లర్, ఇంత కోత… 180 వాట్ల ఎల్‌ఈడీ 10 గంటలు వెలిగితే నెలకి 54 యూనిట్లు. దీనికోసం ఇల్లు తవ్వుకోవాలా?

ఉప్పునీళ్ళు

బిల్లు కోసమే అయితే వద్దు. నేనూ అదే అంటాను. వేసవిలో చిల్లర్ అంతకంటే ఎక్కువే తాగుతుంది. ఎండ ఎంచుకునేది దాని కదలిక కోసం, నిండు వర్ణపటం కోసం. హవాయిలోని వైకికీ అక్వేరియంలో పగడాలు ఎండలోనే పెరుగుతున్నాయి. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో 1987లో తెరిచిన 25 లక్షల లీటర్ల పగడపు తొట్టి ఆకాశం కిందే ఉండేది (2021లో పునర్నిర్మాణానికి మూశారు). 1960ల మొదట్లో ఇండోనేషియాలో లీ చిన్ ఎంగ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో ఉన్నది సజీవ శిలలు (సూక్ష్మజీవులు పట్టిన సముద్రపు రాళ్ళు), గాలి బుడగలు, ఎండ. మన మండువా లోగిలి కట్టినవాళ్ళకి నడింట్లోకి ఆకాశం దించడం కొత్తేం కాదు, తొట్టి ఒక్కటే లేదు!

వైజాగ్_రీఫర్

ఎల్‌ఈడీ ఉంచుకోవాలి కానీ ఆడించే తీరు మారాలి. ఎండ కింద పగడాలు పసుపు-గోధుమగా కనిపిస్తాయి, ఫ్లోరసెంట్ రంగులు రావు. 450 నానోమీటర్ల నీలం ఛానెల్‌ని పగలంతా 20 నుంచి 30 శాతం మీద వదిలెయ్యండి. తెలుపు ఛానెల్ మాత్రం ఎండ వెలుతురు కొలిచే సెన్సర్ చెప్పినట్టు.

సెన్సర్‌కి చాలామంది బీహెచ్1750 వాడతారు. మామూలు సెట్టింగులో అది సుమారు 54 వేల లక్స్ దగ్గర ఆగిపోద్ది. ఎండ లక్ష. అందుకని ఎండ ఎంత మారినా ఒకే అంకె చూపిస్తా ఉంటది, మనం ప్రోగ్రాంలో తప్పనుకుని వెతుక్కుంటాం. దాని మీద చిన్న ఓపల్ యాక్రిలిక్ ముక్క అతికించి, లక్స్ మీటరుతో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు కొలతలు తీసి గుణకం సరిచెయ్యండి. మబ్బు పోయినప్పుడల్లా లైటు ఎగిరిపడకుండా 20 నిమిషాల సగటు మీద, నిమిషానికి ఒక శాతం మించకుండా మార్చండి. లేకపోతే చేపలు బెదిరి రాళ్ళలో దూరతాయి.

పాత పగడాల్ని ఎండకి అలవాటు చెయ్యడానికి నర్సరీల్లో అమ్మే 50 శాతం షేడ్ నెట్ మూడు పొరలు గాజు పైన వేసి, పది రోజులకో పొర తియ్యండి. తెలుపు గానీ నలుపు గానీ, పచ్చది వద్దు. పొర తీసిన మూడో రోజు పగడం పైభాగం లేతగా పోతే ఆ పొర మళ్ళీ వేసెయ్యండి.

నీడలెక్క

రసాయనాల సంగతి ఒకటి మిగిలింది. పగడం అస్థిపంజరం కట్టుకునేది వెలుతురు ఉన్నప్పుడే ఎక్కువ. ఉదాహరణకి ఎండ రోజుల్లో ఆల్కలినిటీ (అస్థిపంజరానికి వాడుకునే కార్బొనేట్లు, కొలత డీకేహెచ్) రోజుకి 1 డీకేహెచ్ ఖర్చవుతుంటే డోసింగ్ పంప్ అంతే పోసేట్టు పెడతాం. ముసురు పట్టి ఖర్చు 0.6కి పడిపోయినా పంప్ మాత్రం 1 పోస్తూనే ఉంటుంది. ఐదు రోజుల్లో 8 కాస్తా 10. తక్కువ పోషకాలున్న ట్యాంక్‌లో ఎస్‌పీఎస్ (మాంటిపోరా లాంటి చిన్న నోళ్ళ రాతి పగడాలు) కొనలు కాలడానికి అది చాలు. ముసురు రోజుల్లో రోజు విడిచి రోజు టెస్ట్ చేసి డోస్ తగ్గించండి. ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1, నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం మధ్య ఉంచితే గాజు మీద నాచు అదుపులో ఉంటుంది. పక్క కిటికీలోంచి సాయంత్రపు ఎండ ట్యాంక్ గాజుకి తగులుతుంటే మాత్రం ఏం చేసినా నాచు వస్తుంది, ఆ కిటికీకి తెర వెయ్యండి.

ఇంకోటి. మాంటిపోరా రాతి పగడం. మన సముద్రాల నుంచి తీసిన రాతి పగడాలు 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1 కిందకి వస్తాయి. ఎక్కడిదో కాగితం లేకుండా ఎవరిస్తామన్నా తీసుకోవద్దు. సాఫ్ట్ పగడాలతో మొదలెట్టండి.

కొత్త_రీఫ్_హైద్రాబాద్

సరే, ప్లాన్ మార్చిన. 2×2 కంతే, కానీ 60 సెం.మీ. బావి, ఉత్తరం రేకు 20 డిగ్రీలు, లో-ఈ ల్యామినేటెడ్, కింద ఓపల్ పలక, గ్రిల్ బయట. ఎల్‌ఈడీ ఉంటది, చిల్లర్ వాష్ ఏరియాలో. మే కోసం గాజు కింద మోటార్‌తో నడిచే రోలర్ కర్టెన్, 28 దాటంగనే కంట్రోలర్ మూసేస్తది. ఇంకేమన్నా మర్చిపోయిన్నా?

స్లాబ్_సివిల్

ఇంజినీరు సంతకం.

వైజాగ్_రీఫర్

కర్టెన్ గాజు కింద కాదండి, గాజు పైన ఉండాలి. గాజు దాటి లోపలికొచ్చిన వేడి కర్టెన్‌కి తగిలి బావిలోనే ఉండిపోద్ది. రెండోది, మోటార్ కర్టెన్ కరెంటు పోతే ఉన్నచోటే ఆగిపోద్ది. మే మధ్యాహ్నం కరెంటు పోయిందనుకోండి: ఎల్‌ఈడీ ఆరిపోద్ది, చిల్లర్ ఆగిపోద్ది, రిటర్న్ పంప్ (సంప్ నీళ్ళని ట్యాంక్‌లోకి తోసేది) ఆగిపోద్ది, ఎండ మాత్రం ఆరదు. కరెంటు పోగానే దానంతట అదే మూసుకునే స్ప్రింగ్ రకం తీసుకోండి. అది దొరక్కపోతే 90 శాతం షేడ్ నెట్‌ని అల్యూమినియం ఫ్రేమ్‌కి బిగించి గాజు పక్కనే డాబా మీద ఉంచండి. నాలుగు మూలలా కొక్కేలు, ఇంట్లో ఎవరైనా రెండు నిమిషాల్లో ఎక్కి వేసేట్టు. ఆ ఫ్రేమ్‌ని గొలుసుతో కట్టడం మర్చిపోకండి, కోతులు ఎత్తుకుపోతాయి.